దర్యాప్తు

పాలమూరు బస్టాండు ఎనుక మా లాడ్జిల
పన్నెండో నంబరు తాళంచెవి
నలభై రోజుల సంది మేకుకు రాలేదు.

పేరు బెహ్రూజ్. ఊరు గోర్గాన్ అంట.
మెడ జూస్తే కాడి మోసిన మెడ,
కుడి మోకాలికి పట్టీ.
దిగిన రాత్రే ఫారం నింపి ఠాణాకు పంపాలె
లేకుంటే లాడ్జికే తాళం.
ఏ పని మీద వచ్చిండంటే
కబడ్డీ అని రాసిన.
రైటరు ఫోన్ల నవ్విండు:
"చెడుగుడుకు వీసా ఎందుకే,
మన పోరలు బొగ్గుతోని గీత గీసుకొని ఆడ్తలేరా?"

జట్టోళ్లు ఎగ్గొట్టలే, నిజం చెప్పాలె.
పద్దెనిమిది లక్షలు మూడుమాట్లు పంపిండ్రు
మూడుమాట్లు తిరిగొచ్చినయి.
బ్యాంకు మేనేజరు కంప్యూటరు మా దిక్కు తిప్పి చూపెట్టిండు.
"మనిషి మీద ఏం లేదు,
దేశం పేరు కొట్టంగనే ఆగుతది."
యాడనో రెండు సర్కార్లు అలుగుతే
ఈడ ఒకని మోకాలి మందు ఆగింది.

మాకిద్దరికి సైగలే భాష.
ఒకనాడు రిజిస్టరు మీద వేలుబెట్టి
"తారీఖ్" అన్నడు.
నేను దస్తఖత్ అన్న. తలూపిండు.
మొహరు, దరఖాస్తు, జమానతు
నిజాం కచేరీల కెల్లి రాలిన మాటలు
మా నోట్లె ఇంకా నానుతున్నయి,
ఆయన నోట్లె పుట్టినయి.
చుట్టాలు కలిసినట్టు నవ్వుకున్నం.
పండుకున్నంక తోచింది నాకు,
ఇద్దరికి ఎరుకైనయన్నీ మనిషిని నిలబెట్టే మాటలే.
నీళ్లకు, నిద్రకు మల్ల చేతులే ఊపాలె.

"ఇది ఖానా" అని గడి చూపెట్టిన.
రెండు చేతులు కప్పు లెక్క కలిపి
"ఖానే?" అన్నడు. ఇల్లు.
మా తాన ఖానా అంటే రెండు గీతల నడుమ సందు,
ఒక్క పేరు ఇరుక్కునేటంత.

కోయిలకొండ దిక్కు తండాల పోటీ, గెలిస్తే పొట్టేలు.
శంకర్య నాయక్ కొడుకులు ఆటో తెచ్చి బతిమాలిండ్రు.
వీసా మీద ఒక్క జట్టు పేరే ఉంది,
ఇంకో మట్టి ముట్టుకుంటే తప్పు.
పోయి గీత అవతల కూసున్నడు.
పోరడు కూత అందుకుంటే
ఈయన ఊపిరి బిగబట్టిండు.
పోరడు తిరిగొచ్చినంకనే ఇడిసిండు.

మా నాయిన ఆరు రాష్ట్రాల కట్టలు పోసిండు,
మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సే ఆయన పాసుపోర్టు.
పాలమూరు లేబరంటే గంపకే లెక్క, మనిషికి లేదు.
ఈయనకు ఒక్క మనిషికి పది లెక్కలు.
ఏది నయమో నాకు తెల్వది.

ఆ సోమారం ఎస్సై వచ్చి అడిగిపోయిండు.
సాయంత్రం బెహ్రూజ్ కౌంటరు కాడ
బ్యాంకు దిక్కు చెయ్యి చూపి
"దర్యాఫ్త్?" అన్నడు.
అవు, దర్యాప్తు అయింది, పొద్దుగాలే అయింది అన్న.
ఆయన మొఖం ఎట్ల ఎలిగిందో!
గడ్డం గీసుకున్నడు.
అర్ధకిలో జిలేబీ తెచ్చి
రూమ్‌బాయ్ కుర్మయ్య నోట్ల కుక్కిండు.
మెట్ల మీద కూసొని ఇంటికి ఫోన్ జేసిండు,
అటుకెల్లి ఆడోళ్ల నవ్వులు కిందికి ఇనొచ్చినయి.

తెల్లారి జట్టు పిలగాడు వచ్చి చెప్పిండు,
వాళ్ల భాషల దర్యాఫ్త్ అంటే
ముట్టిందని. పైసలు చేతికొచ్చినయని.

నేనేం మొఖంతోని పైకెక్కాలె?
ఎక్కిన. చెప్పిన.
జిలేబీ పొట్లం మడిచి నా చేతుల పెట్టి
తలుపు మెల్లగ దగ్గరికేసిండు.

వీసా ఇరవై ఎనిమిదికి అయిపోయింది.
పోయేటప్పుడు కూడ ఫారం ఉంటది.
ఎక్కడికి అన్న కాడ
గోర్గాన్ అని పెద్దగ రాసిన.
ఖానా పట్టలే, చివరి అక్షరం గీత దాటింది.
రైటరు చూసి
కొట్టేసి మల్ల రాయమన్నడు.