ఇగురం

నూనె ప్యాకెట్ ఖాళీ అయిందంటే
పసుల ఓదెమ్మ ఒప్పుకోదు.
కత్తెరతో నిలువునా చీరి, లోపలి పొరను బయటికి తిప్పి
వేడి గంజు అంచుకు ఆనించి నిలబెడుతుంది.
రెండు చుక్కలు. ఒక్కోసారి మూడు.
పరకాల బడి వెనక, రేకుల కింద
నూట పన్నెండు మందికి వండే పొయ్యి దగ్గర
ఆ మూడో చుక్క కోసం ఆమె ఆగే తీరు చూస్తే
నా జీతం మీద నాకే సిగ్గేస్తుంది.

వంట అయ్యాక నిప్పుల మీద నీళ్లు చల్లి
బొగ్గులు ఏరి రేపటికి దాస్తుంది.
గుడ్ల అట్టల గుంతల్లో వంకాయ నారు పోస్తుంది.
ఎవరూ లేని స్టాఫ్ రూములో ఫ్యాను తిరుగుతుంటే
కొంగుకు చెయ్యి తుడుచుకుని వచ్చి మరీ ఆపేస్తుంది.
"ఎవనికి ఇసురుతున్నది సారూ గిది?"
ఉద్దెర అనే మాట ఆమె నోట్లో
బూతు మాట లెక్కనే వినపడుతుంది.
మొగనికి పచ్చకామెర్లయిన ఏడు
ఎడ్లను అమ్మింది గానీ
పుస్తెను గిరివికి పంపలేదు.

జీరో టికెట్ చేతిలో పెడితే
కండక్టర్ పిల్లను అడిగిందట:
"దీని పైసలు ఎవలిస్తరు బిడ్డా?"
"సర్కారు."
"మరి సర్కారుకు?"
ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూసిందట.

మొన్న పేపరు చదువుతున్నాను, కొంచెం గట్టిగానే.
రాష్ట్రం అప్పు తలా ఇంత అని ఎవరో లెక్క కట్టారు.
ఓదెమ్మ గంటె ఆగింది.
"నాక్కూడనా?"
"నీకూ, నీ మనుమరాలికీ.
రాత్రి దవాఖానలో పుట్టిన పిల్లకు గూడ."
చెయ్యెత్తి నెత్తి తడుముకుంది.
ఎల్లమ్మ బోనం, కట్టెలమోపు, నీళ్ల బిందె
తప్ప ఇంకో బరువు ఎరగని నెత్తి.
"నన్నెవలడిగిండ్రు సారూ?
ఏలుముద్ర మానేసి సంతకం నేర్చుకుంటి గదా,
అండ్ల నా సంతకం ఉన్నదా?"

ఏం చెప్పను?
ఇంటికి, బండికి, పెద్దోని సీటుకు
మూడు బ్యాంకుల ముందు నెలనెలా తల వంచేవాణ్ణి.
పేపరు ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాను.

మర్నాడు పాత క్యాలెండర్ కాగితం తెచ్చింది.
వారానికి మూడు గుడ్లు, ఏడు నెలలు,
పెన్సిల్ గీతలు, అయిదింటికో అడ్డగీత.
"సర్కారు నాకియ్యాల్సింది గిది.
సర్కారుకు నేనియ్యాల్సిందాంట్ల పట్టుకోని
మిగిలిందెంతో చెప్పుమను.
మెల్లమెల్లగ కడుత."
"అట్లా పట్టుకోరు ఓదెమ్మా."
"ఎందుకు పట్టుకోరు?
నాగభూషణం సేటు పట్టుకుంటడు గదా!"

ఆ సేటే శనివారం గుడ్లు ఆపేశాడు.
పెద్దసారు తల గోక్కుని, దారం తెప్పించి
"సగం సగం కోసి పెట్టు, బిల్లు వచ్చేదాకా.
ఇగురం నీకు నేను చెప్పాల్నా?" అన్నాడు.

అంతవరకు నేను వినని గొంతుతో అన్నది:
"ఇగురం నా కంచంలది సారూ.
పోరగాండ్ల పళ్లెంలది కాదు."

పొదుపు సంఘంలో, పదకొండు మంది ఆడోళ్ల ముందు,
నూటికి రూపాయి మిత్తికి
అరవై రెండేళ్లలో మొదటి అప్పు.
ప రాసి, ఊపిరి పీల్చుకుని సు రాసి,
ల దగ్గర పెన్ను ఆగిపోతే విదిలించి
మళ్లీ రాసిందట.
ఈసారి సంతకం ఉన్నది.

సోమవారం గుడ్లు ఉడికాయి.
నూట పన్నెండు. నిండువి.
చల్లారాక ఆ నీళ్లను వంకాయ నారుకు పోసింది.

ఎనిమిదో నెల బిల్లు రాయడానికి
నేను తెల్ల కాగితం తీస్తుంటే
వెనక నిలబడి చూసి, ఉండబట్టలేక,
పోయిన నెల తిరిగొచ్చిన బిల్లును
బల్ల మీద బోర్లా తిప్పి, అరచేత్తో సాపు చేసింది.

"ఇటుపక్క ఖాళీగనే ఉన్నది గద సారూ."