పర్లేదండి

అంబాజీపేటలో ఎక్కి నిలబడ్డాను.
"సీటుందిగా, కూచోమ్మా" అంది
గంప సర్దుకుంటూ చేపలావిడ.
పర్లేదండి.
కొత్తపేటలో మళ్ళీ ఎవరో అన్నారు,
జొన్నాడ వంతెన మీద ఇంకొకరు.
పర్లేదండి, పర్లేదండి.
రెండేళ్ళుగా నా పేరు అదే.

గడ్డతో పాటు సంచీ తీసేశారు.
కాగితాలన్నీ శుభ్రం, గండం గడిచిందన్నారు.
లేనిచోట నొప్పేంటే, అంది మా తోడికోడలు.
చెరువు తోడేశాక
బురదలో మిగిలిపోయిన జెల్ల ముల్లు
తొక్కినవాడికి కదా తెలిసేది.

రాజమండ్రి డాక్టరమ్మ అడిగింది, ఎక్కడ?
ఆ చోటుకి నా నోట మాట లేదు.
చిన్నప్పట్నించి నేర్చిందల్లా దాని పేరెత్తకపోవడం.
కింద, అన్నాను.
లోపల, అన్నాను.
ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి
వేలు పెట్టి చూపించమంది.
వణికి వణికి వేలు ఆగిన చోట
చుక్క పెట్టింది.

బోర్లా పడుకున్నాను.
తెర మీద బూడిదరంగు వెన్ను, నాదేనట.
"నరాలన్నీ ఇక్కడ గుత్తిగా కలుస్తాయి,
సూదిమందు వాటికి" అంది.
ఇరవై ఏళ్ళు కొబ్బరి తాడు పేనినదాన్ని,
పురి ఎక్కితే తాడు తనను తానే కరుచుకోవడం
నాకెవరూ చెప్పక్కర్లేదు.
పురి విప్పేస్తారా అమ్మా?
"విప్పలేం. వదులు చేస్తాం.
మూడు నెలలో, ఆరో.
కొందరికి అసలు పనిచెయ్యదు కూడా."
అబద్ధమాడనందుకు
ఆవిడ మీద గురి కుదిరింది.

సాయంత్రం బస్సు.
మా ఆయన సూర్రావు తువ్వాలు నాలుగు మడతలేసి
సీటు మీద పరిచాడు, నా వైపు చూడకుండా.
అంచున ఆనాను.
ఊపిరి బిగబట్టి కొంచెం వెనక్కి.
మొద్దుబారిన తిమ్మిరి, అంతే.
ముల్లు ఎక్కడో నిద్రపోతోంది.
ఇంకొంచెం వెనక్కి.

వంతెన వచ్చింది.
నిలబడితే కిటికీ పైచువ్వ కళ్ళకి అడ్డం,
ఇన్నాళ్ళూ రెయిలింగూ తారురోడ్డే చూశాను.
ఇప్పుడు గోదారి, అవతలి లంకదాకా,
ఇసుక తిన్నె మీద ఎవరో ఆరేసిన
ఎర్రచీరతో సహా.
ఆరు నెలలో, మూడో.
లెక్క రేపు చూసుకుంటాను.

రావులపాలెంలో ఒకావిడ ఎక్కి
"కాస్త జరుగుతారా" అంది.

జరగనండి, అన్నాను.