ఈ వారం లిస్టు

పొద్దున షట్టర్ లేపంగనే
ఫోన్ల ఒకటో నంబరు పాట మోగింది.
పాట కాదు, పాటకు ప్రోమో.
దానికన్న ముందు నిన్న ఒక పోస్టర్ వచ్చింది,
పాట ఎప్పుడొస్తదో
రేపు పదకొండు గంటల ఏడు నిమిషాలకు చెప్తరట.
దేవరకొండ బస్టాండుల
హైదరాబాద్ బస్సు గూడ గింత ఊరియ్యది,
వస్తే వస్తది
లేకుంటే లేదు.

పదిహేడేండ్లాయె
మెమరీ కార్డులు నింపవట్టి.
నాలుగు జీబీకి ముప్పై రూపాయలు,
భక్తి పాటలు పైన ఉత్తగనే.
ఇప్పుడెవరూ రారు.
అయినా వారం వారం లిస్టు చూస్త,
ఆడుడు బంద్ చేసినోడు
కబడ్డీకాడ గీత పక్కన నిలబడ్డట్టు.

ఒకటో నంబరు
ఒక్క రోజుల నాలుగు కోట్ల మంది చూసిన్రట.
చూసిన్రు సరే, విన్నరా?
మంచుకొండ, యాభైమంది డాన్సర్లు,
హీరోకు చెమట రాదు, చలి గూడ పెట్టదు.
పల్లవి ఏదో నాకు తెల్వలే,
పాట అయిపోయినంక
గది పల్లవేనని పిల్లలు చెప్పిన్రు.
పాడినోని గొంతును ఇస్త్రీ చేసి పెట్టిన్రు.
ముడత లేని అంగి
దుకాణంల బొమ్మకే ఉంటది.

రెండోది, ప్రేమల ఓడినోని పాట.
వాన, కిటికీ, సగం కాలిన సిగరెట్.
పిల్లగాడు ఏడుస్తుంటే కెమెరా
గానుగెద్దు లెక్క వాని చుట్టూ తిరుగుతది.
అబద్ధమెందుకు,
రెండో చరణానికి ముందు
పాడే పిల్ల గాలి పీల్చిన చప్పుడొకటి
తీసెయ్య మర్చిపోయిన్రు.
దాన్ని ఆరుసార్లు ఎనకకు జరిపి విన్న.

మూడోది మన దిక్కుదే.
డిండి కట్ట మీంచి డ్రోన్ లేసింది,
పత్తిచేన్లకు దిగింది.
లంగవోణి పిల్ల పత్తికాయను బుగ్గకు ఆనిచ్చి నవ్వింది,
గా కాయ మొన గోరుసందుల దిగితే
ఎట్లుంటదో తెల్వని నవ్వు.
చేను మైసయ్యది.
ఐదువేలిస్తమని రెండువేలిచ్చిన్రు,
నాలుగు సాళ్లు తొక్కిపోయిన్రు.
మైసయ్య ఆ వీడియో డెబ్బైసార్లు చూసిండు,
పాట కోసం గాదు.
రెండు నిమిషాల పద్నాలుగో సెకండ్ల
డాన్సర్ల ఎనక నిలబడి
తల గూడ తిప్పని తన బర్రె కోసం.
గా డెబ్బై గూడ వాళ్ల లెక్కలనే కలిసినయి.

నాలుగు, ఐదు, ఆరు
ఒకటే డప్పు, ఒకటే డీజే,
బావ పేరు మార్చిన్రు అంతే.

నా లిస్టు వేరే ఉన్నది,
గీతల నోటుబుక్కుల.
ఎవరు మళ్లొచ్చి అడిగిన్రో గదే లెక్క.
పదకొండేండ్లు ఒకటో నంబరు
పేరు లేని పాట.
కంప్యూటర్ల దాని పేరు ట్రాక్ ఏడు.
మల్లేపల్లిల ఏదో పెండ్లికాడ
కీబోర్డు పిల్లగాడు పాడుతుంటే
ఎవరో ఫోన్ల రికార్డు చేసిన్రు.
నడిమిట్ల లారీ హారన్ కొడ్తది,
పిల్లగాడు ఆగడు,
హారన్ శ్రుతికే గొంతు ఎత్తుకుంటడు.

ఒకపారి తెలివిజేసి
హారన్ కోసేసిన.
చందంపేట తండా నుంచి ద్వాళి
రెండు బస్సులు మారి వచ్చింది,
కార్డు బల్ల మీద పెట్టి
"పాట పాడైంది, బాగుచెయ్" అన్నది.
మళ్ల హారన్ అతికిచ్చిన.
పైసల్ తీసుకోలే.

మొన్న ఇంటర్ పోరడొచ్చి
"అన్నా, లారీ పాట లింకు పంపు" అన్నడు.
లింకు లేదు, కార్డు తెమ్మన్న.
కార్డంటే ఏందని
నా మొఖం దిక్కు చూసిండు.
గా పాట ఇంక ఎన్నేండ్లుంటదో
గప్పుడు అంతువట్టింది.

గిన్ని మాటలు చెప్పిన గదా,
రాత్రి షట్టర్ గుంజుతుంటె
నోట్లె ఏదో కూనిరాగం.
సగం దూరం నడిచినంక ఆగిన.
మంచుకొండ పాట!
గది పల్లవేనట.
నా నోటికి చెప్పుకోవచ్చు,
కాలు ఇంటలేదు.

రేపు పదకొండు ఏడుకు
గిరాకీ ఉంటే కొంచెం ఆగమంట.