మూడో వంతు

ఎమ్రిస్ నా అరచేతిలో రిలే కర్ర పెట్టినప్పుడు
అది కర్రలా లేదు,
అప్పుడే నిప్పుల్లోంచి తీసిన దుంపలా ఉంది.
"కొండ దగ్గర తొందరపడకు" అన్నాడు,
అని, గోడ నీడలోకి కూలబడ్డాడు.

ఆరు మైళ్ళు.
ఏడాదంతా వాన తాగి బతికే ఈ వేల్స్ లోయ
ఇవాళ నోరెండి పడుకుంది.
తారు నా బూట్లు అప్పడిగి
తిరిగి ఇవ్వనంటోంది.
గొర్రెలన్నీ ఒకే ఒక్క కంచె నీడలో
టికెట్ల క్యూలా.

పలకరాతి గని మలుపులో ఎవరో ముసలామె
గులాబీలకు పడుతున్న పైపు నా మీదకి తిప్పింది.
పేరడగలేదు. పరుగాపలేదు.
మెడ వెనక ఆ చల్లదనం
రెండు దీపస్తంభాల దూరం తోడొచ్చింది.

కొండమీద ముగ్గురు నన్ను దాటారు.
నాలుగోవాడూ దాటాడు, "భలే" అంటూ.
ఆ భలే ఒక్కటే గుచ్చుకుంది.

చాపెల్ ముందు గీత.
గ్విలిమ్ చెయ్యి చాచి ఉండాల్సిన చోట
ఎండ.
గడువు దాటిందట, వెనకబడ్డ జట్లవాళ్ళని
పావుగంట క్రితమే ఒక్కసారిగా వదిలేశారట.

కర్ర ఇంకా నా దగ్గరే,
ముగ్గురి చెమటా దానిమీదే.
బల్ల దగ్గర గడియారం పట్టుకున్న పిల్ల, పదేళ్ళుంటాయేమో,
చెయ్యి చాపింది: "నాకివ్వండి, రాసుకోవాలి."

ఇవ్వడానికి
వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సొచ్చింది.