మూడో స్తంభం, తూర్పు వైపు

ముప్పై ఒక్క నోటుపుస్తకాలు.
అట్టల మీద గ్రీజు, లోపల పెన్సిలు రాత.
విచారణ సంఘానికి వాటిని టైపు చేసిపెట్టడం
నాకు అప్పజెప్పిన పని.

రాసినవాడు ఎలెవుతేరియో వెంచుమిల్.
కిల్మే నది మీది రైలు వంతెనకు
సుత్తి పట్టిన చెవి.
సంతలో కుండ కొనేవాళ్ళలా
ఒక్కో రివెట్టునూ చిన్న దెబ్బ కొట్టి
తల వంచి వినేవాడు.
ఖంగుమంటే ఒక గీత.
బొదబొదమంటే సున్నా.

మొదటి పుస్తకం నిండా గీతలే,
దువ్వెన పళ్ళలా.
తొమ్మిదో పుస్తకం నుంచి
పళ్ళు ఊడడం మొదలు.

"మూడో స్తంభం, తూర్పు వైపు,
కింది నుంచి రెండో అడ్డకమ్మీ. డొల్ల."
ఏప్రిల్లో మళ్ళీ: "డొల్ల."
మళ్ళీ: "డొల్ల. గోరు దూరుతోంది."
మరుసటేడు: "పెన్సిలు దూరుతోంది."
ఎంత లోతు దిగిందో చూసి
అదే పెన్సిలుతో రాసినట్టున్నాడు.
పేజీ మడతలో తుప్పు ఇంకా ఉంది,
నా వేళ్ళకు మిరప్పొడిలా అంటింది.

సాంతియాగో నుంచి వచ్చిన జవాబులు వేరే ఫైలు.
టైపు చేయడం తేలిక, అన్నీ ఒకటే:
"తమరి లేఖ అందినది. పరిశీలనలో ఉన్నది."
ఒక్క ఏడాది మాత్రం రంగు పంపారు.
నలభై డబ్బాలు, ఆకుపచ్చ.
గీకే తీరిక లేదు, తుప్పు మీదే పూయమన్నారు,
మంత్రిగారి బండి వచ్చేలోగా.
ఆ నెల అతని వాక్యం:
"పుచ్చిన పంటికి పౌడరు రాశాం."

ఇరవై నాలుగో పుస్తకంలో ఒక చిట్టా.
బోల్టులు పదహారు, తెముకో కొట్టులో, సొంత డబ్బు.
కింద వేరే చేతిరాత, భార్యది కావచ్చు:
"పొయ్యి గొట్టం ఎప్పుడు కొంటావు?"
ఇది కూడా టైపు చేయాలా అని
పై అధికారిని అడిగాను.
అక్కర్లేదన్నాడు.
చేశాను.

ఆగస్టు పద్నాలుగు, రాత్రి.
దుంగల రైలు, పద్దెనిమిది బోగీలు.
ఇంజను అవతలి గట్టు ఎక్కేసింది.
డ్రైవరు ఎరిబెర్తో సాయెస్ బతికాడు.
"ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టయింది,"
అంతకు మించి చెప్పడు.
నిబాల్దో, ఇరవై రెండేళ్ళు,
చివరి బోగీ బ్రేకు దగ్గర ఉన్నాడు.
అతని రొట్టె డబ్బా అక్టోబరులో దొరికింది
పదకొండు కిలోమీటర్ల దిగువన,
మూత బిగుసుకుపోయి.

మిగతావి పుస్తకాల్లో లేవు. వెళ్ళి చూశాను.
పాలక్యాన్లు పడవ కోసం
గట్టున వరసగా కూర్చున్నాయి.
పురుడుకు బయల్దేరిన ఒకామె
చుట్టుదారిలో, కట్టెల లారీలోనే కనిందట.
మిగిలిన సగం వంతెన నీళ్ళ మీద ఆగిపోయింది
అప్పు అడగడానికొచ్చి
మాట పెగలనివాడిలా.
ఆకుపచ్చ రంగు బాగానే ఉంది.

చివరి పుస్తకం. ఆగస్టు పదమూడు.
"వాన. ఇనుము మీద ఒకటే చప్పుడు.
ఏమీ వినపడలేదు."

కంపెనీ లాయరు ఆ వాక్యం మీద వేలు పెట్టి
ఇక తీయలేదు.
"అంటే ఆ రోజు తనిఖీ జరగలేదు?"
ముప్పై ఏళ్ళు విన్నవాణ్ణి
ఒక్క రోజు వినలేదని.
ఎలెవుతేరియో చెవికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.
వినపడక కాదనుకుంటాను.
ప్రశ్న మళ్ళీ అడిగించారు.
"వానయ్యా," అన్నాడు.
"ఎవరి చెవిలోనైనా వాన వానే.
మిగతా రోజులవి చదివారా?"

రికార్డులో ఇలా రాయమన్నారు:
సాక్షి సమాధానం అస్పష్టం.

టైపు చేశాను.
కాగితం లాగి కిటికీ వెలుతురుకు పెడితే
"అస్పష్టం" చివరి సున్నా
అచ్చు బలంగా పడి
చిల్లు పొడిచింది.
వేరే కాగితం ఎక్కించలేదు.
దాన్నే ఫైల్లో పెట్టాను.