తలకిందుల అంకె

మా ఉద్దానంలో నెత్తుటి పరీక్ష అంటే ఒక్కటే.
ఎక్కాలు రాని పిల్లడు కూడా
క్రియాటినిన్ ఎంతట అని అడుగుతాడు.
అందుకే నా మొహం ఉబ్బిన పొద్దున
ఇంట్లో ఎవరూ సూటిగా నావైపు చూడలేదు.
మా చిన్నాన్న డయాలసిస్‌కి పట్టుకెళ్ళిన సంచి
అటక మీంచి దింపి దులిపింది అమ్మ.
ఏమీ అనలేదు.

ఇరవై నాలుగేళ్ళు నాకు.
కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ, గ్రేడింగు బల్ల.
నడి మే నెలలో, బాయిలరుకి పదడుగుల దూరంలో
దుప్పటి కప్పుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.
"ఏటిరా ఢిల్లీసు, నిద్దరోతన్నావా?" అనేవాడు మేస్త్రీ.
గెడ్డం పదిరోజులకోసారి గీస్తే సరిపోయేది.
ఇంకొకటి కూడా ఉంది.
డాక్టరు అడిగేదాకా ఎవరికీ చెప్పలేదు.
ఆయనకీ తల ఊపే చెప్పాను.

క్రియాటినిన్ ఒకటీ పాయింటు ఒకటి.
అమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది.
డాక్టరు ఇంకో కాగితం లాగాడు:
టీఎస్‌హెచ్, ఫ్రీ టీ ఫోర్, ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్.
"పొద్దున్న ఎనిమిదికల్లా ఇవ్వాలి, పరగడుపున.
జుట్టుకని మింగుతున్న ఆ బిళ్ళలు
మూడు రోజులు ఆపు. లెక్క తప్పిస్తాయి."
బిళ్ళల సంగతి ఆయనకెలా తెలిసిందో!
చొక్కా జేబు పల్చనిది.

ల్యాబు బెంచీ నిండా ఆడవాళ్ళే.
రసీదు రాసే అమ్మాయి వీధికి వినపడేలా చదివింది:
"గేదెల ఢిల్లేశ్వరరావు, టెస్టోస్టిరాన్!"
నాకు తప్ప ఎవరికీ అర్థమయినట్టు లేదు.
అయినా చెవులు కాలాయి.
చాన్నాళ్ళకి ఒంటికి వేడి తగిలింది.

పక్కనున్నావిడ తవిటమ్మట, మందస నుంచి.
"థైరాయిడా బాబూ? నాకు పదకొండేళ్ళయినాది.
మగోళ్ళకి కూడా వస్తాదేటి?"
కాసేపాగి తనే అంది,
"వస్తాది కావాల.
మెడకేటి తెలుస్తాది, ఆడో మగో."

నాలుగు అంకెల్లో మూడు లావుగా అచ్చయ్యాయి.
టీఎస్‌హెచ్ ఎనభై ఆరు.
ఉండాల్సింది నాలుగు చిల్లర.
థైరాయిడు ఇరవై రెట్లు పనిచేస్తోందనుకున్నాను.
మరి ఈ చలేమిటి?
"అది గ్రంథి లెక్క కాదయ్యా,
పని మానేసిన గ్రంథిని మెదడు పిలిచే కేక.
అంకె ఎంత పెద్దదో, పని అంత తక్కువ."

నవ్వొచ్చింది నాకు.
ఆయనకి తెలీదు నా బల్ల సంగతి.
నూట ఎనభై అంటే బొటనవేలి కణుపంత పప్పు,
నాలుగొందల యాభై అంటే
వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది.
కొత్తగా చేరినవాళ్ళు వారంపాటు
తిరగేసే పోస్తారు, తిట్లు తింటారు.
నా మెడలో ఉన్నది నాలుగొందల యాభై.

చివరి వరస మీద వేలు పెట్టాను. పేరు పలకలేదు.
"దానికి ఇప్పుడు మందు రాయను.
థైరాయిడు నిలబడితే అదీ లేవొచ్చు.
లేవకపోతే అప్పుడు చూద్దాం, మళ్ళీ పొద్దున్నే."
ఒక్క గుప్పెడు చూసి
బస్తాకి గ్రేడు కట్టకూడదని నాకూ తెలుసు.
అయినా బస్సులో ఆ కాగితాన్ని
నాలుగు మడతలు పెట్టి కూర్చున్నాను.

"ఆడోళ్ళ జబ్బు కదరా" అన్నాడు పక్క బల్ల పోలినాయుడు.
అవునన్నాను.
అమ్మ మాత్రం కంచె మీంచి కేకేసింది,
"ఓలప్పా, మా గుంటడికి థైరాయిడేనట!"
ఉద్యోగం వచ్చినట్టు.

ఐదింటికి చిన్న తెల్ల బిళ్ళ, క్యాను నీళ్ళు.
టీ గంట తర్వాతే. అమ్మ గడియారం చూస్తూ కూర్చుంటుంది.
ఎనభై ఆరు ఇప్పుడు పన్నెండు.
ఆరో రోజుకే చెంప గరుకు.
చివరి వరస ఎలా ఉందో వచ్చే నెల తెలుస్తుంది.

ఆ సంచి మళ్ళీ అటకెక్కలేదు.
ఉల్లిపాయలు పోసింది అందులో.