మందబయలు పుస్తకం

ఆదివారం ఆరింటికి పేర్లు రాస్తాను.
చంపావతి వైపునుంచి తడిమట్టి వాసన.
జూట్ మిల్లు రాత్రి షిఫ్టు దిగి
కనురెప్పల మీద నార నలుసులతోనే వచ్చాడు కూర్మారావు.
గడ్డికోత మిషను తాడు పదకొండుసార్లు లాగాడు,
పన్నెండోసారి దాని తల్లిని తలిచాడు,
అప్పుడు అంటుకుంది.

అసిరమ్మ పేరు పుస్తకంలో ఉండదు.
"నాకేటికి బావూ సంతకాలు" అంటుంది.
వయ్యారిభామ మొక్కల్ని వేళ్ళతోనే పెరికి
దురదకి మోచేతులదాకా కొబ్బరినూనె రాసుకుంటుంది.

తవిటినాయుడి గడ్డివాము
ఏడాదికో జానెడు మైదానంలోకి నడిచేది.
సర్వేయర్ని పిలుద్దామన్నారు కుర్రాళ్ళు.
మేం మిషను తీసుకెళ్ళి అతని సాలలోనే పెట్టి
తాళంచెవి అతనికే ఇచ్చాం.
రెండేళ్ళయింది, వాము కదల్లేదు.

ఈ వారం వాలీబాల్ కోర్టు మధ్యన
తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది,
గులకరాళ్ళలో గులకరాళ్ళలా.
"అది అరిస్తే ఊరికి కీడు" అన్నారెవరో.
"కీడు సెయ్యడానికి దానికి తీరికేదిరా,
నాలుగు పొదగాల కదేటి" అంది అసిరమ్మ.
కూర్మారావు మిషను ఆపాడు.
ఎవరింటి పిల్లో ముగ్గుపిండితో చుట్టూ గీత గీసింది.
నెట్టు గుంజలు పీకి
ఇరవై అడుగులు దక్షిణానికి పాతాం,
తిట్టుకుంటూనే.

పెట్రోలు బాకీ నూట ఎనభై.
బ్లేడు సానకివ్వాలి.
కోయనిది: చాపంత గడ్డి.
కారణం గడిలో 'పిట్ట' అని రాసి చూద్దును కదా,
పేజీ అంచున కొబ్బరినూనె వేలిముద్ర,
ఎప్పుడు పడిందో,
తుడిచినకొద్దీ
వెనక పేజీల్లోకి దిగుతోంది.